అరుదైన వరదకు లెక్క

2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి, దిల్‌సుఖ్‌నగర్ చెంత ఇండ్లలో నీరు చొచ్చినది, ఎల్.బి.నగర్ కాలనీలును జలమయమైనవి. అట్టి వానకు కాలువ ఎంత వెడల్పుండవలెను? గణకయంత్రమున వానలను కల్పించి చూడవచ్చును. కాని పదివేల యేండ్లకొకసారి వచ్చు పొంగునకై పదివేల కల్పిత వత్సరములు నడపినను, సగటున దొరకునది ఒక్కటే! దానినిబట్టి ఏమి తేల్చగలము?

1951లో కాన్, హారిస్ అనువారు కణముల లెక్కకై వివరించిన ఉపాయమొకటి కలదు. చెరువుమట్టమునకు నాలుగు గుర్తులు పెట్టుదము. మొదటి గుర్తు నందిన వానలకే ప్రతులు తీసి, అచ్చటినుండి వేర్వేరు చినుకులతో ముందుకు నడపుదము. గుర్తుగుర్తుకు పదింట ఒకటి పైకెక్కినచో, నాలుగింటికి పదివేలలో ఒకటి. గుర్తుకు వేయి ప్రయత్నములు చేసిన చాలును, ప్రతిచోట నూరేసి సాక్ష్యములు లభించును. ఎగువనీటిని, పూడిన నాలాలను లెక్కలో చేర్చుట మాత్రము వేరు పని. కష్టమంతయు అందే యున్నది.