ఎండాకాలంలో కుక్కకు పాఠం

అనంతపురం పల్లెల్లో గొర్రెల మందల వెంట నడిచే కుక్కలను మీరు చూసే ఉంటారు. పిలవగానే వచ్చే అలవాటు వాటికెలా అబ్బుతుంది?

మీ పెంపుడు కుక్కను "రా" అని పిలవండి. రాగానే గోరంత సంగటి ముద్ద పెట్టండి. ఆలస్యమైతే ఆ ముద్ద దేనికో దానికి బోధపడదు. శబ్దానికీ ఆహారానికీ కుక్క మెదడులో ముడి పడుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాలు చేసి చూపాడు. వచ్చాక కొడితే, ఆ పిలుపుతో ముడిపడేది భయమే!

పాఠానికి వేళ కూడా చూసుకోవాలి. మే నెలలో ఇక్కడ ఎండ తరచు 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పినప్పుడు నోటి తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. కనుక పొద్దెక్కకముందే పాఠం ముగించండి, నీళ్ళు దగ్గరుంచండి. కుక్క విపరీతంగా రొప్పుతూ తూలితే వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, నీళ్ళతో తడిపి, పశువైద్యునికి చూపించండి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.