అన్నం తిన్నాక ఒక మాత్ర

మా అమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటుంది. ఆమెకున్నది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. ఖాళీ అయిన ప్రతి అట్టనూ వెనక్కి తిప్పి లెక్క చూసుకుంటుంది. అప్పుడల్లా నాకు అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ గుర్తొస్తుంది.

ఈ జబ్బులో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. అక్కడ పుట్టే ప్రొటీన్, కట్టేయని కుళాయిలా తెల్లకణాలను పెంచుతూనే ఉంటుంది. దానికి శక్తి అందే గాడిలోకి మందు వెళ్లి కూర్చుంటుంది, కుళాయి ఆగుతుంది.

మందు అణువును తయారుచేసింది స్విట్జర్లాండ్ కంపెనీ శాస్త్రవేత్తలు. దాన్ని రోగుల దాకా తేవాలని పట్టుబట్టింది ఆ యూనివర్సిటీ డాక్టర్ బ్రయాన్ డ్రూకర్. పరీక్షలు 1998లో మొదలయ్యాయి. అప్పటిదాకా వాడిన ఇంటర్‌ఫెరాన్ పనిచేయనివారిలో 54 మందికి తగిన మోతాదు ఇస్తే, 53 మందికి రక్తకణాల లెక్క మామూలైంది. 2001 మేలో అమెరికా అనుమతించింది. ల్యాబ్‌లో కణాలు చూసినవాడే వార్డులో రోగి పక్కన కూర్చోవడం, నా దృష్టిలో యూనివర్సిటీ ఆసుపత్రుల అసలు బలం.

తర్వాత మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో ఈ మందును తక్కువ ధరకు తెచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, ఒంట్లో బాగుందని డాక్టరును అడగకుండా ఆపనివ్వకండి.