రావి నారాయణరెడ్డి 1952 గెలుపు: ఓట్ల లెక్క, భూమి లెక్క

1952 సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చిన 2,33,571 ఓట్ల కంటే ఇది ఎక్కువ. ఆయన జీవితంపై వచ్చే రచనలు చాలావరకు ఈ పోలిక దగ్గరే ఆగిపోతాయి. ఆ ఓట్లు ఏ ప్రశ్నకు సమాధానంగా పడ్డాయన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ముందుగా లెక్క. నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవి. అయితే రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు. రెండో స్థానంలో సుంకం అచ్చాలు గెలిచారు. నెహ్రూ పోటీచేసిన స్థానమూ ద్విసభ్య నియోజకవర్గమే కాబట్టి, రెండు ఓట్ల పద్ధతి వల్ల ఈ పోలిక చెల్లదనే ఆక్షేపణ నిలవదు.

1908లో భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన నారాయణరెడ్డి తన భూమిని పేదలకు పంచారు. ఆంధ్ర మహాసభను రైతు సమస్యల వైపు తిప్పినవారిలో ఆయన ముఖ్యులు. కోదాడ సమీపంలోని చిలుకూరులో 1941లో జరిగిన ఎనిమిదో మహాసభకు, 1944లో భువనగిరి మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ పల్లెల స్థితి తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు: సూర్యాపేట ప్రాంతపు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వెట్టి, భాగేలా పద్ధతులు ఆ భూమి చుట్టూ అల్లుకున్నవే.

గెలుపును సాయుధ పోరాటానికి ప్రజల ఆమోదంగా మాత్రమే చదవడం సరికాదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత పోరాటాన్ని విరమించాలని వాదించిన నాయకుడు నారాయణరెడ్డి. ఆ వాదన వల్ల సొంత పార్టీలోనే తీవ్ర విమర్శకు గురయ్యారు. 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం తొలగలేదు గనుక అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరిట నిలబడ్డారు. దళాలు పంచిన భూమి చేజారకుండా చట్టసభ ద్వారా నిలబెట్టుకోవాలన్న ఆకాంక్ష ఆ ఓటులో ఉందని నా అభిప్రాయం.

చట్టం అప్పటికే ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే హక్కుదారును గుర్తించింది. కానీ కౌలు ఆధారమే ఆ రక్షణకు మూలం. కౌలే లేని జీతగాడికి, వెట్టి మనిషికి దానిలో చోటు లేదు. ఉద్యమం అడిగిన దానికీ, చట్టం ఇచ్చిన దానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది. కౌలుదారుకు యాజమాన్యం బదిలీ చేసే 38-ఇ సెక్షను అమలుకు నోటిఫికేషన్ రావడానికి 1973 దాకా పట్టింది.

ఈలోగా నీళ్లు వచ్చాయి. నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో నల్లగొండ నుంచి మళ్లీ లోక్‌సభకు వెళ్లారు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీటిని విడుదల చేశారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట నేలలను వరి మాగాణులుగా మార్చింది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి ఈ మిర్యాలగూడ ప్రాంతంలోనిదే. సాగునీటితో భూమి విలువ పెరిగినప్పుడు ఆ ఫలం పట్టా ఉన్నవారికే ముందు దక్కుతుంది. కాబట్టి ఈ గ్రామాల్లో రక్షిత కౌలు రిజిస్టర్లను, కాలువ వచ్చాక తయారైన పహాణీలను పక్కపక్కన పెట్టి చదివితే, 1952లో ఓటు వేసిన కుటుంబాల్లో ఎవరి చేతికి భూమి అందిందో తేల్చవచ్చు.