వాహన సి.బి. రేడియో ఏంటెన్నా: దోషనిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం:
అమెరికా రహదారులపై లారీ చోదకుల సంభాషణకు సాధనమైన సి.బి. రేడియోలో మాట దూరం చేరనప్పుడు అనుమానం మొదట రేడియో పెట్టెపైకి, ఆపై ఏంటెన్నా కడ్డీపైకి పోతుంది. దోషం మాత్రం తరచుగా కేబులులోనో, కనెక్టరులోనో, వాహనపు లోహశరీరంతో ఉండవలసిన సంబంధంలోనో దాగి ఉంటుంది. ఏంటెన్నాను సవరించడానికి ముందు దోషస్థానాన్ని నిర్ధారించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సి.బి. రేడియో, ఏంటెన్నా, గ్రౌండ్ ప్లేన్, స్థిరతరంగ నిష్పత్తి, దోషనిర్ధారణ.

1. ప్రవేశిక:
సిటిజన్స్ బ్యాండ్ అన్న పేరుకు సంక్షిప్తరూపం సి.బి. సామాన్య పౌరుల స్వల్పదూర సంభాషణకు 27 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1958లో కేటాయించింది. మొదట 23గా ఉన్న ఛానెళ్లు 1977 నుంచి 40 అయ్యాయి. ఇవి 26.965 మొదలుకొని 27.405 మెగాహెర్ట్జ్ వరకు వ్యాపించి ఉన్నాయి. వీటిలో 9వ ఛానెల్ అత్యవసర సందేశాలకు ప్రత్యేకం. 19వ ఛానెల్ వాడుక వల్ల లారీ చోదకులదైంది. ఏ.ఎం. పద్ధతిలో ప్రసారశక్తి 4 వాట్లకు మించరాదు. శక్తిని పెంచుకొనే వీలు లేనందువల్ల, ప్రమాదస్థలం నుంచి పంపిన పిలుపు ఎవరికైనా వినబడుతుందా లేదా అన్నది చాలావరకు ఏంటెన్నా వ్యవస్థపైనే ఆధారపడుతుంది.

2. వాహనశరీరం - ఏంటెన్నాలో సగభాగం:
27 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 2.75 మీటర్లు, కడ్డీకి సహజమైన పొడవు. అంతటి కడ్డీని వాహనంపై నిలపడం కష్టం కనుక పొట్టి కడ్డీకి తీగచుట్టను చేర్చి లోటు పూరిస్తారు. అయితే కడ్డీ ఎంత పొడవుదైనా అది వ్యవస్థలో సగమే. రెండో సగం వాహనపు లోహశరీరం. కడ్డీలోని ప్రవాహానికి దీటైన ప్రవాహం ఈ లోహతలంలో సాగాలి. దీనినే గ్రౌండ్ ప్లేన్ అంటారు.

ఇక్కడ పదం వల్ల కలిగే పొరపాటు ఒకటి ఉంది. ‘ఎర్త్’ అనే మాటను తెలుగువారు ఇంటి విద్యుత్తులో భూమిలోకి దించిన తీగకూ, వాహనంలో బ్యాటరీ రుణధ్రువం కలిసే లోహశరీరానికీ వాడుతారు. గ్రౌండ్ ప్లేన్ చేసే పని ఈ రెండింటికంటె వేరు. బ్యాటరీ సంధానం చక్కగా ఉండి రేడియో వెలుగుతున్నా, లోహానికి బిగించిన ఏంటెన్నా పీఠం కింద రంగుపూతో తుప్పో అడ్డుపడితే రేడియో ప్రవాహానికి ఆధారం తెగినట్లే. ఫైబర్‌గ్లాస్ క్యాబిన్ గల లారీలలో అసలు లోహతలమే కొరవడుతుంది. అటువంటి వాటికి గ్రౌండ్ ప్లేన్ అవసరం లేకుండా రూపొందించిన ఏంటెన్నా కావాలి.

3. స్థిరతరంగ నిష్పత్తి:
రేడియో, కేబులు, ఏంటెన్నా మూడూ 50 ఓముల అవరోధంతో పరస్పరం పొందిక కలిగి ఉండాలి. పొందిక చెడితే పంపిన శక్తిలో కొంత వెనుదిరుగుతుంది. దాని పరిమాణాన్ని స్థిరతరంగ నిష్పత్తి, వాడుకలో ఎస్.డబ్ల్యు.ఆర్., సూచిస్తుంది. ఈ నిష్పత్తి 1.5 ఉంటే 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం శక్తి వెనుదిరుగుతుంది. 1.5 లోపు ఉండడం మేలు. 2 వరకు సహించవచ్చు. 3 దాటితే ప్రసారం ఆపాలి. లేనిపక్షంలో రేడియోలోని చివరి దశ ట్రాన్సిస్టరు మాడిపోయే ప్రమాదం ఉంది. ఏంటెన్నా తగిలించకుండా మైకు మీట నొక్కరాదనడానికీ కారణం ఇదే.

4. పరీక్షల క్రమం:
4.1. పరిశీలన: కేబులు తలుపు సందులో నలిగిందా, కనెక్టరులోకి నీరు చేరిందా, పీఠం వదులైందా అన్నవి ముందుగా చూడాలి.

4.2. మల్టీమీటరు: రేడియో వైపు కేబులును ఊడదీసి కొలవాలి. సాధారణంగా మధ్యసూది నుంచి కడ్డీ వరకు, బయటి అల్లిక నుంచి వాహనశరీరం వరకు నిరోధం దాదాపు 0 ఓములు ఉండాలి. మధ్యసూదికీ అల్లికకూ మధ్య సంబంధం ఉండరాదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి. తీగచుట్ట ద్వారా కడ్డీని గ్రౌండుకు కలిపిన ఏంటెన్నాలలో చివరి కొలత 0 చూపడం దోషం కాదు. అయస్కాంత పీఠం రంగుపూత మీదుగా కెపాసిటరు వలె పనిచేస్తుంది కనుక శరీరంతో నేరుగా సంబంధం చూపదు.

4.3. ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు: గోడలకు దూరంగా, బయలుప్రదేశంలో, వాహనం తలుపులు మూసి, రేడియోకూ కేబులుకూ మధ్య మీటరును చేర్చి 1, 19, 40 ఛానెళ్లలో కొలవాలి. 40లో కొలత 1లో కంటె ఎక్కువైతే కడ్డీ పొడవెక్కువ. 1లో ఎక్కువైతే కడ్డీ పొట్టి. అన్ని ఛానెళ్లలోనూ 3 దాటితే పొడవును సవరించడం వృథా. గ్రౌండునూ కేబులునూ శోధించాలి. ఈ భేదాన్ని గుర్తించక కడ్డీని కోసినవారికి దోషం అలాగే మిగులుతుంది, కడ్డీ మాత్రం తిరిగి రాదు.

4.4. మార్పిడి: కేబులు చివర ఏంటెన్నాకు బదులు 50 ఓముల కృత్రిమ భారాన్ని తగిలించాలి. కొలత 1కి దిగితే దోషం ఏంటెన్నాలోనో పీఠంలోనో ఉన్నట్లు. దిగకపోతే కేబులులో ఉన్నట్లు. తర్కశాస్త్రంలోని అన్వయవ్యతిరేకాలకు ఇది ప్రత్యక్షోదాహరణ. ఒక్కసారికి ఒక్క భాగాన్నే మార్చినప్పుడే ఈ నిర్ణయం చెల్లుతుంది.

5. తక్కువ కొలత - భ్రమ:
పై పరీక్షే మరొక సంగతినీ తెలుపుతుంది. కృత్రిమ భారం కొలతను 1 చూపినా శక్తిని వేడిగా మారుస్తుందే తప్ప తరంగాలుగా వెదజల్లదు. అల్లిక తుప్పుపట్టిన కేబులు కూడా పోయే శక్తినీ, వెనుదిరిగే శక్తినీ మింగివేసి రేడియో దగ్గర కొలతను తగ్గించి చూపగలదు. కనుక తక్కువ నిష్పత్తి పొందికకు సూచన మాత్రమే. ప్రసారసామర్థ్యానికి ప్రమాణం కాదు. తెలిసిన దూరంలోని మరొక రేడియోతో మాట్లాడి చూడడమే తుదిపరీక్ష.

6. ముగింపు:
కడ్డీ పొడవును సవరించడం సులభం కనుక చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. దోషనిర్ధారణలో అది చివరి మెట్టు కావాలి. చూపు, సంధానం, కొలత, మార్పిడి అన్న వరుస తప్పకపోతే దోషం ఉన్నచోటనే చేయి పడుతుంది; రేడియో మాడకుండా, కడ్డీ పాడుకాకుండా నిలుస్తాయి. ఆపదవేళ 9వ ఛానెల్‌లో పలికిన మాట వినవలసినవారికి చేరే అవకాశమూ మెరుగుపడుతుంది.