ఆ బుధవారం క్లాసులు ఎందుకు లేవు?

2013 సెప్టెంబర్ 18, బుధవారం. కెనడాలోని వాంకూవర్‌లో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా (అందరూ యూబీసీ అంటారు) దాదాపు అన్ని క్లాసులూ ఆపేసింది. బంద్ లేదు, తుఫాను లేదు, వీఐపీ ఎవరూ పోలేదు. మనకి సెలవు రావాలంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి జరగాలి కదా! అక్కడ కారణం వేరు. ఆ రోజు ఊళ్లో ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ నాలుగు రోజుల సభ మొదలైంది. స్టూడెంట్లు, లెక్చరర్లు అక్కడికి వెళ్లి, కూర్చుని, వినాలని యూనివర్సిటీ ఆ రోజు ఖాళీ ఇచ్చింది.

ఏం వినాలి? అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన పాత పుస్తకాల్లో "రెడ్ ఇండియన్లు" అని రాసేవాళ్లు. కొలంబస్ మన దేశానికే వచ్చాననుకున్న పాపానికి వాళ్లకి ఆ పేరు అంటుకుంది. ఇప్పుడు కెనడాలో ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అని మూడు పేర్లు వాడతారు. మనం మూలవాసులు అనుకుందాం. 1880ల నుంచి కెనడా ప్రభుత్వం, చర్చిలు కలిసి వాళ్ల పిల్లల కోసం రెసిడెన్షియల్ స్కూళ్లు నడిపాయి. రెసిడెన్షియల్ అనగానే మనకి ఇంటర్ హాస్టల్ గుర్తొస్తుంది, అది కాదు. పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేసి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. 1920లో పంపడం తప్పనిసరి చేస్తూ చట్టమే వచ్చింది. మొత్తం సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ స్కూళ్లకి వెళ్లారు. తిరిగి రాని వాళ్ల పేర్లు ఇప్పటికి 4,000 పైగా రికార్డయ్యాయి. చివరి స్కూల్ మూతపడింది 1990ల చివర్లో. అంటే మన అమ్మానాన్నలు కాలేజీలో ఉన్న రోజుల్లో.

మా స్కూల్లో కూడా తెలుగు మాట్లాడితే ఫైన్ ఉండేది. ఇది చదివేటప్పుడు అదే గుర్తొచ్చింది. కానీ ఆ పోలికని ఎక్కువ దూరం లాగలేను. నేను సాయంత్రం ఇంటికెళ్లి అమ్మతో తెలుగులోనే పోట్లాడేదాన్ని. వాళ్లకి ఆ సాయంత్రమే లేదు.

ఈ కథలో యూనివర్సిటీకి సంబంధం ఏంటి? స్కూళ్లు నడిపింది ప్రభుత్వం, చర్చి. యూనివర్సిటీ మధ్యలో ఎందుకు తల దూర్చాలి? నాకూ మొదట ఇదే డౌటు. జవాబు రెండు చోట్ల దొరికింది.

ఒకటి 1876లో వచ్చిన ఇండియన్ యాక్ట్. దాంట్లో ఒక సెక్షన్ ఉంది: మూలవాసి ఎవరైనా యూనివర్సిటీ డిగ్రీ తీసుకుంటే, లేదా డాక్టరో లాయరో అయితే, చట్టం దృష్టిలో అతను ఇక "ఇండియన్" కాడు. అడగక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, ఆటోమేటిగ్గా. పట్టా చేతికొస్తే సొంత జనంలో చట్టపరమైన స్థానం పోతుంది. 1880లో ఆ "ఆటోమేటిగ్గా" అన్నది తీసేశారు, కానీ దాని వెనక ఆలోచన చాలా కాలం అలాగే ఉంది. మన ఇళ్లలో డిగ్రీ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. కాన్వొకేషన్ ఫోటో హాల్లో టీవీ పైన వేలాడుతుంది, ఊళ్లో అందరికీ స్వీట్లు పంచుతారు. అదే డిగ్రీ తీసుకుంటే "నువ్వింక మా వాడివి కాదు" అని సర్కారు రాసిచ్చేస్తే ఎంతమంది చదువుతారు?

రెండోది 2018 ఏప్రిల్ 9న యూబీసీ ప్రెసిడెంట్ శాంటా ఓనో చెప్పిన క్షమాపణ. క్యాంపస్‌లో రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్ర కోసం ఒక కేంద్రం తెరిచిన రోజు అది. ఆయన "జరిగినదానికి బాధపడుతున్నాం" అని ఊరుకోలేదు. ఆ వ్యవస్థని నడిపిన అధికారుల్లో, పాలసీలు రాసినవాళ్లలో చాలామందికి చదువు చెప్పింది మేమే, ఆ స్కూళ్ల వల్ల పిల్లలు పైచదువులకి రాలేకపోతుంటే పట్టించుకోకుండా నిశ్శబ్దంగా ఉన్నదీ మేమే అన్న అర్థంలో ఒప్పుకున్నారు. ఒక కాలేజీ తన అలుమ్నై లిస్టుని అలా చూడటం నాకు కొత్తగా అనిపించింది. మనం అలుమ్నై పేర్లు బ్రోచర్‌లో ప్యాకేజీలతో సహా వేసుకుంటాం గానీ, వాళ్లు చేసిన పనులకి మాకూ బాధ్యత ఉందని ఎప్పుడైనా అన్నామా?

ఇప్పుడు రీకన్సిలియేషన్ అనే మాట. క్లబ్బులో దీనికి తెలుగు ఏంటని అడిగితే రెండు వచ్చాయి. "రాజీ" అన్నారు, అది లోక్ అదాలత్ మాట, ఇద్దరూ కొంచెం కొంచెం తగ్గాలి. "సయోధ్య" అన్నారు, అది పేపర్లో నాయకులు మళ్లీ కలిసిపోయినప్పుడు రాసే మాట. రెండూ కుదరవు. ఇక్కడ తగ్గాల్సింది ఒక వైపే. పైగా "మళ్లీ" కలవాలంటే ముందెప్పుడో కలిసి ఉండాలి కదా. అలాంటి కాలం ఎప్పుడూ లేదని చాలామంది మూలవాసులు అంటారు, కమిషన్ కూడా తన రిపోర్టులో ఆ మాట రాసింది. కాబట్టి మాట వదిలేసి, చేసిన పనులే చూద్దాం.

మొదటి పని వినడం. వాంకూవర్ చుట్టుపక్కల కోస్ట్ సేలిష్ జనాల్లో ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టడం లాంటి పెద్ద వేడుక జరిగితే కొందరిని సాక్షులుగా పిలుస్తారు, చేతిలో నాణేలు పెడతారు. అక్కడ చూసినది గుర్తుపెట్టుకుని, తర్వాత తమ వాళ్లకి తప్పు లేకుండా చెప్పడం వాళ్ల డ్యూటీ. కమిషన్ ఈ పద్ధతినే తీసుకుంది. దేశమంతా తిరిగి 6,500 మందికి పైగా మాటలు వింది, విన్నవాళ్లని సాక్షులు అంది. ఆ బుధవారం క్లాస్ లేని స్టూడెంట్ పాత్ర కూడా అదే. సెలవు అనుకుని పడుకున్నవాళ్లు ఉండే ఉంటారు, నేను మనుషుల్ని నమ్మను. అయినా అటెండెన్స్ లేకుండా, మార్కులు లేకుండా ఒక ముసలావిడ తన ఆరేళ్ల వయసులో ఏం జరిగిందో చెప్తుంటే వినడాన్ని చదువులో భాగంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

నన్ను నిజంగా పట్టేసింది మాత్రం యూబీసీలోని ఒక చిన్న లైబ్రరీ. పేరు పలకడానికి దాదాపు "హ్వేయ్‌హ్వా" లాగా ఉంటుంది. స్క్వామిష్ భాషలో ప్రతిధ్వని అని అర్థం. మామూలుగా యూనివర్సిటీ లైబ్రరీల్లో పుస్తకాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో సర్దుతారు. దాంట్లో మూలవాసుల మీద పుస్తకాలు చాలావరకు "అమెరికా చరిత్ర" కింద, ఈ–75 నుంచి ఈ–99 మధ్య పడతాయి. వాళ్ల బొమ్మలు, వాళ్ల మతం, వాళ్ల వైద్యం, అన్నీ అక్కడే. ఇవాళ బతికున్న మనిషి గురించి రాసినా షెల్ఫ్ మాత్రం చరిత్రే. ఆ తర్వాత జాతులన్నీ ఏ, బీ, సీ వరసలో. అంటే పక్కపక్క లోయల్లో ఉండి, పెళ్లి సంబంధాలు కలుపుకునే ఇద్దరు జనాలు షెల్ఫులో మూడు వరసల దూరంలో ఉండొచ్చు.

1970లలో బ్రయాన్ డియర్ అనే మోహాక్ లైబ్రేరియన్ దీన్ని వదిలేసి కొత్త పద్ధతి రాశారు. మూలవాసుల దృష్టిలో ఏవి ముఖ్యమో ఆ అంశాలే మెయిన్ క్లాసులు. జాతుల్ని అక్షరక్రమంలో కాకుండా, ఎవరు ఎవరికి పొరుగో దాన్ని బట్టి పెట్టారు. ఆ లైబ్రరీ ఇప్పుడు వాడేది ఈ పద్ధతినే, కొంచెం మార్చుకుని. డీబీఎంఎస్ క్లాసులో మనం స్కీమా గీస్తాం, నార్మలైజ్ చేస్తాం, వైవాలో థర్డ్ నార్మల్ ఫార్మ్ అంటే ఏంటో బట్టీ కొట్టి చెప్తాం. టేబుల్ ఎవరి కళ్లతో గీశామని ఎవరూ అడగరు. ఇక్కడ మాత్రం అడిగారు, అడిగి షెల్ఫులన్నీ మార్చారు. చూడటానికి బోరింగ్ పని. కానీ అక్కడికి వచ్చిన ఫస్టియర్ మూలవాసి స్టూడెంట్ తన ఊరి పుస్తకం పక్కనే అమ్మమ్మ ఊరి పుస్తకాన్ని చూస్తాడు.

ఆ లైబ్రరీ పేరులో ఇంకో తమాషా ఉంది. దాన్ని ఇంగ్లీష్ లిపిలో రాస్తే మధ్యలో 7 అంకె వస్తుంది. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరిస్తే వచ్చే శబ్దానికి భాషాశాస్త్రంలో ప్రశ్నార్థకం లాంటి గుర్తు ఒకటుంది. కీబోర్డులో అది లేదు, చూపుకి దగ్గరగా ఉన్న 7 వాడుకున్నారు. 2017 ఏప్రిల్ 1న క్యాంపస్‌లో నిలబెట్టిన 55 అడుగుల దేవదారు స్తంభాన్ని చెక్కించిన హైడా కళాకారుడు జేమ్స్ హార్ట్‌కి ఉన్న హైడా పేరు "7ఇడాన్సూ", మొదటి అక్షరమే 7. (ఆ స్తంభం మధ్యలో ఒక స్కూలు చెక్కి ఉంటుంది. దాని మీద వేల రాగి మేకులు. స్కూళ్లలో చనిపోయిన ఒక్కో బిడ్డకి ఒక్కో మేకు.) మనం ల్యాబ్‌లో రాసే రిజిస్ట్రేషన్ ఫారం గుర్తు తెచ్చుకోండి. నేమ్ ఫీల్డ్‌లో అంకె వస్తే ఎర్రగా "ఇన్‌వాలిడ్" అని చూపించే ఒక లైన్ రెజెక్స్ మనందరం కాపీ కొట్టిందే. ఆ లైన్ ఒక పెద్దాయన పేరుని తప్పు అంటుంది.

యూబీసీ మెయిన్ క్యాంపస్ ఉన్న నేల మస్కియమ్ అనే జనానిది. ఒప్పందం రాసి ఇచ్చింది కాదు, అమ్మిందీ కాదు. క్యాంపస్‌లో కొన్ని రోడ్ల బోర్డుల మీద వాళ్ల భాష కూడా ఉంటుంది, ఆ భాషని 1997 నుంచి వాళ్లతో కలిసి యూనివర్సిటీలో నేర్పుతున్నారు. ఆ లిపిలో తెలుగులాగే క్యాపిటల్ అక్షరాలు ఉండవు. కొన్ని అక్షరాల నెత్తిన కామా కూర్చుంటుంది, సరైన ఫాంట్ లేకపోతే డబ్బాలే కనిపిస్తాయి. డబ్బాల బాధ తెలుగువాళ్లకి తెలియనిదా? 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" ఒక్కటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు క్రాష్ అయ్యాయి. అప్పుడు కోట్లమంది ఉన్నాం కాబట్టి కొద్ది రోజుల్లో అప్‌డేట్ వచ్చింది. మస్కియమ్ భాషకి ఆ బలం లేదు.

కమిషన్ 2015లో 94 పిలుపులు ఇచ్చింది. ఎవరెవరు ఏం చేయాలో నంబర్లు వేసి మరీ. మెడికల్, నర్సింగ్ కాలేజీలకి 24వది, లా కాలేజీలకి 28వది, జర్నలిజం వాళ్లకి 86వది. అందరూ ఈ చరిత్ర మీద కోర్సు పెట్టాలని. ఇంజనీరింగ్ కాలేజీల పేరు మాత్రం ఎక్కడా లేదు. మనం తప్పించుకున్నాం అనుకోవచ్చు. కానీ పైన రాసిన షెల్ఫు, ఫాంటు, నేమ్ ఫీల్డు, వీటిలో ఏది లాయర్ సరిచేయగలడు?

అంతా బాగుందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్న మా సీనియర్ అక్క ఒకరు ఫోన్లో చెప్పారు: ప్రతి మీటింగ్ మొదట్లో "మనం మస్కియమ్ నేల మీద ఉన్నాం" అని చదువుతారు, కొందరు మనసుపెట్టి చెప్తారు, కొందరు ఫ్లైట్‌లో సీట్ బెల్ట్ అనౌన్స్‌మెంట్ చదివినట్టు చదివేసి స్లైడ్ మారుస్తారు. మూలవాసులే దీన్ని వెక్కిరిస్తారట, నేల గురించి చెప్తారు గానీ నేల ఇవ్వరుగా అని. నాకు ఆ వెక్కిరింపు న్యాయంగానే అనిపిస్తుంది. అయితే కొంత నేల కూడా కదిలింది: 2008లో రాష్ట్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందంలో క్యాంపస్ పక్కనున్న గోల్ఫ్ కోర్సు స్థలం మస్కియమ్ వాళ్లకి వెళ్లింది. యూనివర్సిటీ మీటింగుల్లో చదివే వాక్యం కన్నా ఆ రిజిస్ట్రేషన్ కాగితం మీదే నాకు నమ్మకం ఎక్కువ.

"అక్క, మనం బయటి నుంచి వచ్చినవాళ్లం, ఫీజు కట్టి చదువుకుంటున్నాం, మనకేం సంబంధం?" అని అడిగా. ఆవిడ 94వ పిలుపు చదవమన్నారు. చివరిది అదే, అది కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్ల ప్రమాణం గురించి. 2021 జూన్‌లో చట్టం మారింది. ఇప్పుడు గుంటూరు నుంచి వెళ్లినా, కరీంనగర్ నుంచి వెళ్లినా, కెనడా పౌరులయ్యే రోజు చెయ్యెత్తి చెప్పే ప్రమాణంలో మూలవాసుల హక్కుల్ని, వాళ్లతో చేసుకున్న ఒప్పందాల్ని రాజ్యాంగం గుర్తించిందన్న మాట ఉంటుంది.

అక్క పీఆర్‌కి అప్లై చేశారు. ప్రమాణం వరకు ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఈలోగా ఎలెక్టివ్‌గా మస్కియమ్ భాష తీసుకోవాలని చూస్తున్నారు.