ఇమానం ఇరగదు.. బెల్టు లేని మనిషే ఎగిరి పడతడు

గల్ఫ్ పోయే పిల్లగాళ్లు నన్ను ఏజెంటు గురించి అడుగుతరు, వీసా గురించి అడుగుతరు, కఫీల్ పాస్‌పోర్టు గుంజుకుంటే ఏంజెయ్యాలె అని అడుగుతరు. ఇమానం నడి ఆకాశంల ఎత్తేస్తే ఏంజెయ్యాలె అని మాత్రం ఎవ్వలు అడుగరు. గది గూడ తెలుసుకునే ఎక్కాలె.

2024 మే 21న ఏమైందో సూడున్రి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇమానం 211 మంది ప్యాసింజర్లతోని, 18 మంది సిబ్బందితోని లండన్ నుంచి సింగపూర్ పోతున్నది. మయన్మార్ మీద, 37 వేల అడుగుల ఎత్తుల ఒక్కసారి కుదుపు మొదలైంది. బెల్టు లైటు ఏసినమని పైలట్ అన్న 8 సెకండ్లకే పెద్ద దెబ్బ పడ్డది. 4.6 సెకండ్లల్ల ఇమానం 178 అడుగులు కిందికొచ్చింది, అంటే రెండు ఎత్తైన తాటిచెట్లంత. 73 ఏండ్ల బ్రిటన్ పెద్దాయన పానం పోయింది. చానమందికి తలకు, ఎన్నుపూసకు దెబ్బలు తాకినయి. ఇమానం మాత్రం బ్యాంకాక్‌ల మంచిగనే దిగింది.

ఎందుకట్ల? ట్రాక్టర్ డబ్బల కూసొని పోయినోళ్లకు ఎరుకే. జోరుగ పోతూ గుంతల పడితే డబ్బ కిందికి పోతది, మనం ఒక్క క్షణం గాలిల ఉంటం, మళ్ల డబ్బ పైకొచ్చి నడుముకు గుద్దుతది. గాలిల గూడ గుంతలుంటయి. గా రోజు ఇమానం, మనిషి పడే జోరు కంటె ఎక్కువ జోరుగ కిందికి పోయింది. బెల్టు లేనోళ్లు పైకి లేసిన్రు. మళ్ల 4 సెకండ్లల్ల అది పైకి గుంజుకునేసరికి కింద పడ్డరు. ఇమానం రెక్కలు వంగేటట్టే చేస్తరు. నడుస్తున్నప్పుడు పడే అతి పెద్ద బరువు ఎంతని లెక్కగడతరో, దానికి ఒకటిన్నర రెట్లు ఆపేటట్టు తయారు చేస్తరు. మన మెడకు, నడుముకు గసొంటి లెక్క లేదు.

"పైలట్‌కు ముందుగల్ల కనవడదా?" అంటరు. ఇమానం రాడార్‌కు వాన చుక్కలు, రాళ్ల వాన కనవడతయి. మబ్బు లేని కాడ వచ్చే గాలి సుడి కనవడదు. పైంగ ఎండలు, వాతావరణం మారుడుతోని ఇది పెరుగుతున్నది. ఉత్తర అట్లాంటిక్ మీద మబ్బు లేకుండ వచ్చే పెద్ద కుదుపులు 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగినయని బ్రిటన్‌ల రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2023ల లెక్క తేల్చిన్రు.

గందుకే లైటు ఎలిగినా, ఆరినా, కూసున్నంత సేపు బెల్టు ఉండాలె. పొట్ట మీద కాదు, కింద తుంటి బొక్కల మీద, బిగ్గరగ. పండుకుంటే దుప్పటి మీదికెళ్లి పెట్టుకోన్రి, లేకుంటే సూడనీకి నిద్ర లేపుతరు.

ఒకసారి నేను దుబాయ్ పోతుంటె పక్క సీట్ల పిల్లగాడు బెల్టు రెండు ముక్కలు చేతుల పట్టుకొని సూస్తుండు. మొదటిసారి ఎక్కిండు, ఎయిర్ హోస్టెస్‌ను అడగనీకి సిగ్గు. కారు బెల్టుకు బటన్ నొక్కుతం, ఇమానం బెల్టుకు పైన రేకు మూత ఎత్తితే ఊడుతది. గంతే. అడుగుడుల సిగ్గెందుకు? టికెట్ పైసలు మనయే.

బాత్రూంకు పోతున్నప్పుడు కుదుపు మొదలైతే, దగ్గర ఖాళీ సీటుంటే కూసొని బెల్టు పెట్టుకోన్రి. లేకుంటే కిందనే కూసొని సీటు కాలు గట్టిగ పట్టుకోన్రి. చాయ్ చేతుల ఉంటే కింద పెట్టున్రి. నెత్తి మీది సామాన్ల డబ్బ గప్పుడు తెరవొద్దు.

ఇంకో ముచ్చట, ఇది మన హక్కు. దేశం దాటి పోయే ఇమానంల దెబ్బ తాకితే మాంట్రియల్ ఒప్పందం కింద కంపెనీ నష్టపరిహారం కట్టాలె. మన దేశం దాంట్ల 2009ల చేరింది. జరిగిన నష్టం కోటి రూపాయలదైనా, ఆ హద్దు దాకా "మా తప్పు లేదు" అని కంపెనీ తప్పించుకోలేదు. అయితె దెబ్బ ఎంతనో మనం సూపెట్టాలె. గందుకని దిగకముందే సిబ్బందికి చెప్పి రాయించున్రి. బోర్డింగ్ పాస్, దవాఖాన కాయిదాలు పారెయ్యొద్దు. రెండేండ్ల లోపట కేసు ఎయ్యాలె. బెల్టు పెట్టుకోమన్నా పెట్టుకోలేదని తేలితే మాత్రం మన పైసల్ల కోత పడుతది.

అప్పు తెచ్చి ఇమానమెక్కినోనికి నడుము ఇరిగితే ఇంటి మొత్తం నడుము ఇరిగినట్టే. ఈ నెలల మీ ఊరికెళ్లి పోయేటోళ్లు ఎవలన్న ఉంటే బెల్టు ఎట్ల పెట్టాల్నో, ఎట్ల ఊడదీయాల్నో ఇంటికాడనే చెప్పి పంపున్రి.