పసిగట్టడం వేరు, అనుమానించడం వేరు

మన ఇళ్లలో రెండు భాషలు కలిసే నడుస్తాయి. ఉర్దూలో ‘భాంప్ లేనా’ అంటాం, తెలుగులో ‘పసిగట్టడం’ అంటాం. రెండింటికీ అర్థం దాదాపు ఒకటే. విషయం పూర్తిగా బయటపడకముందే చిన్న గుర్తును బట్టి తెలుసుకోవడం. కానీ ఒక్కోసారి మన మనసులోని అనుమానాన్ని కూడా ‘నేను ముందే పసిగట్టా’ అని చెప్పుకుంటాం. తేడా అక్కడే ఉంది.

ఈ మాటలో ‘పసి’ అంటే పసిపిల్లలోని పసి కాదు. ఇక్కడ పసి అంటే వాసన. జంతువు గాలిలో వాసన పట్టి దారి తెలుసుకున్నట్టు తెలుసుకోవడమే పసిగట్టడం. ‘పోలీసుల రాకను పసిగట్టి పరారయ్యారు’ అని పేపర్లో చదువుతుంటాం. పోలీసులు ఇంకా కనపడలేదు, కానీ ఏదో ఒక గుర్తు అందింది. ఆ గుర్తు లేకపోతే ఈ మాట వాడకూడదు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. బోటు దిగిన సరుకు ముందు నిలబడి ‘ఇది వంజరం, అది చందువ’ అని చెప్పడం గుర్తుపట్టడం. అది ముందే తెలిసినదాన్ని పోల్చుకోవడమే. అదే వంజరం ఈరోజుదా, నిన్నటిదా అని తేల్చడం పసిగట్టడం. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కళ్లు ఉబ్బెత్తుగా మెరుస్తున్నాయా, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తోందా, వాసన సముద్రపు నీటిలా ఉందా లేక ఘాటుగా ఉందా? ఇవన్నీ చూసి ఏది కొనాలో, ఏది వదిలేయాలో వేరు చేయడాన్ని ఉర్దూలో ‘తమీజ్’ అంటాం. బద్‌తమీజ్ అని తిట్టేటప్పుడు వాడే మాట ఇదే. దాని అసలు అర్థం మంచీచెడూ వేరు చేయగలగడం.

మరి ముక్కు ఒక్కటే సరిపోతుందా? లేదు. ఫార్మాలిన్ కలిపిన చేప త్వరగా కుళ్లదు, అందుకే కుళ్లు వాసన రాదు. ఈ కారణంతోనే 2018 జూలైలో అసోం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌తో సహా బయటి రాష్ట్రాల చేపలను 10 రోజులు ఆపేసింది. ఇలాంటి చోట పరీక్ష కావాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇందుకోసం పేపర్ స్ట్రిప్‌తో చేసే కిట్ తయారుచేసింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది. పరీక్ష లేకుండా ‘అన్నీ మందు కొట్టిన చేపలే’ అనేస్తే నష్టపోయేది రోజూ గంప దించి అమ్ముకునే ఆడవాళ్లు.

ఇదే హార్బర్‌లో 2023 నవంబర్ 19 రాత్రి మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్నో కుటుంబాలు బతుకుతాయి కాబట్టి కోపం రావడం సహజం. మొదట్లో ఒక యూట్యూబర్ పేరే అందరి నోళ్లలో నానింది, పోలీసులు అతన్ని ప్రశ్నించారు కూడా. దర్యాప్తు ముందుకు సాగాక అరెస్టయింది వేరే ఇద్దరు. జనం చేసింది అనుమానం, దర్యాప్తులో తేలింది వేరు. ఆ కొద్ది రోజుల్లో ఒక మనిషి పేరు ఊరంతా తిరిగిపోయింది.

మనకూ ఇది రోజూ పనికొచ్చే తేడానే. వాట్సాప్‌లో ఒక కులం గురించో, ఒక మహల్లా గురించో, పక్కింటి అబ్బాయి గురించో మెసేజ్ వస్తుంది. ‘నాకు ముందే తెలుసు’ అని ఫార్వర్డ్ చేసేస్తాం. అలాంటి మాటల వల్ల ఎంత బాధ కలుగుతుందో మన కుటుంబాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఇంట్లో ఎవరైనా ‘నేను పసిగట్టా’ అంటే, ‘ఏం చూసి?’ అని అడగండి. జవాబుగా మొప్పల రంగు లాంటి గుర్తు ఒకటి చెప్పగలిగితే అది పసిగట్టడమే. ‘ఏమో, అనిపించింది’ అంటే అది అనుమానం. దాన్ని పక్కవాళ్లకు పంపకుండా మనదగ్గరే ఆపేయడం మేలు.